పొట్ట మీద చెంబు

పంతొమ్మిది వందల యాభైల్లో, పెళ్లయిన కొత్తలో, చోడవరంలో అత్తవారింట నాకు కడుపునొప్పి వచ్చింది. వాయుగుండం వానలో డాక్టరు దగ్గరకు వెళ్లే వీల్లేదు. నా భార్య మామ్మగారు నా పొట్ట మీద పిండిదీపం పెట్టి, ఇత్తడి చెంబు బోర్లించారు. దీపం ఆరి, చెంబు అతుక్కుపోయింది.

“ఒరే, అల్లుణ్ణి అట్టుకోండ్రా, నాను లాగుతాను!” అన్నారామె.

బావమరుదులిద్దరూ నన్ను చాపకు అదిమేశారు. చర్మం ఊడివస్తుందేమోనని భయపడిపోయాను.

“లాగకండి మామ్మగారూ! బయటి గాలి నొక్కేస్తోంది!”

“గాలేటి బాబూ, తలుపులేసేసినాం కదా!”

చెంబులోని వేడిగాలి చల్లారి కుంచించుకుపోతే బయటి గాలి నొక్కేస్తుందని లైబ్రరీలో చదివింది గుర్తొచ్చింది. ఒక చెయ్యి విడిపించుకుని, చెంబు అంచు పక్కన చర్మాన్ని వేలితో నొక్కాను. గాలి లోపలికి దూరి చెంబు ఊడింది.

ఆ వానకూ ఈ చెంబుకూ మూలం గాలి ఒత్తిడి తగ్గడమేనని వివరించబోయాను.

“నొప్పి తగ్గిందా, నేదా?” అన్నారామె.

తగ్గింది! అదెలాగో ఇప్పటికీ నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు.