మూడు కింద రెండు

కూతురు ఫోన్ తెచ్చి ముక్కు దగ్గర పెట్టేసరికి అందరూ గట్టిచెయ్యి అని పిలిచే ఆవిడ కళ్లజోడు కోసం తడుముకుంది. కళ్లజోడు నెత్తి మీదే ఉంది. అది ఎప్పుడూ అక్కడే ఉంటుంది, ఆవిడ ఎప్పుడూ ఇంకెక్కడో వెతుకుతుంది.

"అమ్మా, ఇది మీ టంకశాల నాణెమేగా? వేలానికి పెడుతున్నారట. పాట ఎంత దగ్గర మొదలవుతుందో చూడు."

చూసింది. సున్నాలు లెక్కపెట్టబోయి, మధ్యలో తప్పిపోయి, మళ్లీ మొదలుపెట్టి, చివరికి నోరు తెరిచి అలాగే ఉండిపోయింది. మొగుడు టంకశాలలో చేరిన రోజు నుంచి రిటైరయ్యే దాకా తెచ్చిన జీతాలన్నీ ఒక్కచోట కుప్ప పోసినా ఆ మొత్తానికి మోకాలి దాకా రావు. అదీ ఒక్క నాణేనికి! కొట్టుకు తీసుకెళితే బిళ్ల చాక్లెట్ కూడా ఇవ్వరు దానికి.

తర్వాత బొమ్మను పెద్దది చేసి చూసింది. సంవత్సరంలో చివరి అంకె మూడు. ఆ మూడు వెనక నుంచి, తలుపు చాటున నక్కిన పిల్లలా, ఒక రెండు తొంగి చూస్తోంది. ఆవిడ గబుక్కున ఫోన్ బోర్లించింది.

"మీ నాన్నకు చూపించకు," అంది.

"నాన్నే నీకు చూపించమన్నారు," అంది కూతురు.

గట్టిచెయ్యి అనేది కన్నవాళ్లు పెట్టిన పేరు కాదని వేరే చెప్పక్కర్లేదు. టంకశాలలో అచ్చుల గదివాళ్లు పెట్టారు. ఉక్కు దిమ్మల మీద బొమ్మా అక్షరాలూ దించి అచ్చులు తయారుచేసే గది అది. ఆ అచ్చుల కింద నలిగితేనే లోహపు బిళ్ల నాణెం అవుతుంది. మిగతాదంతా యంత్రం చేసినా, ఆ రోజుల్లో సంవత్సరం చివరి అంకెను మాత్రం మనిషే దించాలి. అంకె చెక్కిన కడ్డీని చోటు చూసి నిలబెట్టి, సుత్తితో ఒకే ఒక్క దెబ్బ. రెండో దెబ్బ కొడితే అంకె చెదిరిపోతుంది. ఏళ్ల తరబడి చేసినవాళ్లే తడబడే ఆ పనిలో, పెళ్లికాకముందే ఆవిడకు చెయ్యి తిరిగింది. కాకపోతే దెబ్బ కాస్త లోతు. ఆవిడ దించిన అంకె, నాణెం మీద పక్క అంకెల కన్నా వెంట్రుక వాసి ఎత్తు లేచేది.

"ఉక్కు మీద నీకేం పగమ్మా?" అనేవాడు మేస్త్రీ.

ఆ గదికి కొత్తగా వచ్చి, ఆవిడ పక్కన నిలబడి సుత్తి పట్టుకోవడం నేర్చుకున్న కుర్రాడే తర్వాత మొగుడయ్యాడు. నేర్చుకున్నన్నాళ్లూ "మీరు, మీరు" అంటూ తెగ మర్యాద చేశాడు. పెళ్లయిన మర్నాడే ఆ "మీరు" కాస్తా ఆవిడ నెత్తిన పడింది. సరే, లోకమంతా అలాగే నడుస్తోంది కదా, వాళ్లనొక్కళ్లనే అని ఏం లాభం.

నెలలు దగ్గర పడ్డాక ఆవిడ కాన్పు సెలవు పెట్టింది. వెళ్లే రోజున కూడా ఓ అచ్చు మీద రెండు దించి, సుత్తి తుడిచి బల్ల మీద పెట్టి వచ్చింది. ఆ బల్ల దగ్గర ఆయన్ని కూర్చోబెట్టారు. కూతురు పుట్టాక ఆవిడ తిరిగి వెళితే మేస్త్రీ నవ్వుతూ, "నీ చోట నీ మొగుడే ఉన్నాడుగా, ఇంకేం కావాలి?" అన్నాడు. సరదాకి అన్నాడనుకుని ఆవిడా నవ్వింది. సరదా కాదని రెండు రోజులకు తెలిసింది. ఆ సుత్తి మళ్లీ ఆవిడ చేతికి రాలేదు.

కొత్త సంవత్సరం వచ్చింది. ఉక్కుకు కటకటగా ఉంది. వాడకుండా మిగిలిపోయిన పాత అచ్చులతోనే సరిపెట్టమన్నారు. పాత రెండు చుట్టూ ఆకురాయితో రుద్ది, గుంట పోయేదాకా చదును చేసి, అదే చోట మూడు దించాలి. ఆ పని ఆయన మీద పడింది. అచ్చులన్నీ నున్నగా వచ్చాయి, ఒక్కటి తప్ప. ఆ ఒక్కదాని కింద పుట్టిన నాణేలన్నిట్లోనూ మూడు కింద రెండు తేలింది. పైవాళ్లు కనిపెట్టేలోపే కొన్ని సంచులు బజార్లోకి వెళ్లిపోయాయి. మిగిలినవి కరిగించారు. ఆయన్ని బల్ల దగ్గర నుంచి లేపి సంచుల గదిలో పడేశారు. రిటైరయ్యే దాకా నాణేల సంచుల మూతులు కుట్టాడు. ఎలా జరిగిందని ఎవరడిగినా "చూసుకోలేదు" అనేవాడు. అంతకు మించి ఒక్క ముక్క రాబట్టలేకపోయారు.

ఆవిడ మాత్రం అడగలేదు. అడగడానికి భయం. తన దెబ్బ అంత లోతు దిగబట్టే, ఆయన ఎంత రుద్దినా అది పోలేదని ఆవిడ నమ్మకం. జీతం తగ్గలేదు, ఇల్లు గడిచింది. పోయిందల్లా ఆయన పని. కుర్చీలో కూర్చుని ఊరికే ఉన్నప్పుడు ఆయన చూపుడువేలు బల్ల మీద ఒక్కో దెబ్బా కొడుతూ ఉండేది. ఆవిడ అది చూసి, చూడనట్టు వంటింట్లోకి వెళ్లిపోయేది. అప్పటి నుంచి ఆ ఇంట్లో తలుపు వేసిన చప్పుడు గానీ, గిన్నె దించిన చప్పుడు గానీ ఎవరూ వినలేదు. గట్టిచెయ్యి అంత మెత్తబడిపోయింది.

వేలం రోజు పొద్దున కొననివాళ్లు కూడా నాణేలు చూడొచ్చట. కూతురు ఇద్దర్నీ వెంటబెట్టుకుని వెళ్లింది. హాల్లో తివాచీ, అద్దాల బల్లలు, ప్రతి నాణెం మీదా ఓ చిన్న దీపం. ఆ నాణెం దగ్గర మాత్రం జనం వరస కట్టి ఉన్నారు. ముందున్న పెద్దాయన భూతద్దం తీసి, "అమ్మో అమ్మో" అనుకుంటూ, వరస చివరికి వెళ్లి మళ్లీ నిలబడ్డాడు. తప్పు చూడ్డానికి ఇంతమందా అని ఆవిడ విస్తుపోయింది.

చేతులకు తొడుగులు వేసుకున్న అమ్మాయి మఖమల్ పళ్లెం, భూతద్దం ముందుకు జరిపింది. "అంచులు పట్టుకుని చూడండమ్మా. మామూలుగా ఇలాంటివాటిలో పాత అంకె మసగ్గా ఉంటుంది. ఇందులో నిండుగా ఉంది. అందుకే దీనికి ఇంత గిరాకీ. ఎవరో పనివాడి నిర్లక్ష్యం."

ఆవిడ భూతద్దం కంటికి ఆనించుకుంది.

ఒక్కసారిగా అంతా పెద్దదైపోయింది. రెండు అంకెల గట్లు, మధ్య లోయలు, వాటి మీద వెలుగు. మూడు పైన ఉంది, నిజమే. కానీ కింద నుంచి లేచిన రెండు దాన్ని మోస్తున్నట్టుంది. తోక చివర ఆ వెంట్రుక వాసి ఎత్తు! తన చెయ్యే. ఒకప్పుడు కొట్టి, మళ్లీ కంటపడదనుకున్న దెబ్బ ఇన్నేళ్లు ఎవరెవరి జేబుల్లోనో తిరిగి వచ్చి, చెక్కుచెదరకుండా తన ముందు నిలబడింది.

తేరుకుని, ఇన్నేళ్లుగా భయపడుతున్నదాని కోసం వెతికింది. అచ్చు మీద ఆకురాయి నడిస్తే సన్నటి గీతలు పడతాయి. ఎంత నున్న చేసినా అవి నాణెం మీద అంకె చుట్టూ వెంట్రుకల్లా తేలతాయి. ఆవిడ పైనా కిందా చూసింది, నాణేన్ని తిప్పి తిప్పి చూసింది. ఒక్క గీత లేదు. చుట్టూ అద్దంలా ఉంది.

రుద్దినా పోనిది కాదు. అసలు రుద్దలేదు.

మధ్యాహ్నం పాట మొదలైంది. ముగ్గురూ వెనక వరసలో కూర్చున్నారు. చేతులు లేస్తున్నాయి, ధర లేస్తోంది. మొదటి మొత్తానికి రెట్టింపు దాటేసరికి హాలంతా ఊపిరి బిగబట్టింది.

"ఏవండీ."

"ఊఁ."

"మీరు ఆకురాయి పెట్టనే లేదు."

ఆయన ముందుకే చూస్తూ అన్నాడు, "పెట్టాను. చెయ్యి కదల్లేదు."

"ఎందుకని?"

"అది నువ్వు దించిన ఆఖరి అంకె. నువ్వు వెళ్లేరోజు నీ పక్కనే ఉన్నాగా, ఆ అచ్చు నాకు తెలుసు. నీ చోట్లో కూర్చుని, నీ సుత్తి పట్టుకుని, నీ అంకెను కూడా నేనే చెరిపేయాలా? నావల్ల కాలేదు. మూడు కాస్త గట్టిగా దించితే అడుగున పడి ఉంటుందిలే అనుకున్నా." ఆయన గడ్డం గోక్కున్నాడు. "నీ రెండు ఊరుకుంటేగా!"

ఆవిడ ఆయన వైపు తిరిగింది. "ఒక్క మాట చెప్పొచ్చుగా."

"చెబితే, నావల్లే మీ పని పోయిందని ఏడుస్తావని."

"చెప్పకపోయినా అందుకే ఏడ్చాను."

ఆయన తిరిగి ఆవిడ మొహంలోకి చూశాడు. ఈ సంగతి ఆయనకూ ఇప్పుడే తెలిసింది. ఇద్దరూ ఒకరి చెయ్యి మీద ఒకరు చెయ్యి వేసుకుని అలా ఉండిపోయారు. ముందు వరసల్లో ఎవరో ఆఖరి ధర పలికారు. అది ఎంతో విని కూతురు కుర్చీలోంచి సగం లేచింది. వేలం పాడించే ఆయన చెక్క సుత్తితో బల్ల మీద టక్‌మని ఒక్కటి కొట్టాడు. హాలంతా చప్పట్లు.

"చూశావా ఆ దెబ్బ?" అన్నాడాయన మెల్లగా.

"అదీ ఒక దెబ్బేనా," అంది ఆవిడ కళ్లు తుడుచుకుంటూ. "అలా కొడితే ఈ జన్మకి అంకె దిగదు."

ఇంటికి వచ్చాక కూతురు ధర గురించి ఇంకా ఎవరెవరికో ఫోన్లు చేసి చెబుతూనే ఉంది. ముందుగదిలో ఆయన వేలు అలవాటుగా బల్ల మీద కొడుతోంది. ఇంతలో వంటింట్లో గిన్నె పొయ్యి మీద ఠంగుమని దిగింది. కూతురు ఉలిక్కిపడి, "ఏమైందమ్మా!" అని లోపలికి పరుగెత్తింది.

"కంగారు పడకు," అన్నాడాయన నవ్వుతూ. "మీ అమ్మ పనిలోకి వచ్చింది."