చిన్నమ్మ కోపానికి నవ్వులు అతికించారు

మా చిన్నమ్మ పోయిన వారం కాలం చేసింది. దినాలు కూడా కాకముందే ఆమె గొంతు నా ఫోన్‌లో మోగింది. ఆమె రోజూ చూసే హాస్య సీరియల్‌కు వాట్సాప్‌లో ఒక అభిమానుల గ్రూపు ఉంది. అందులో ఎవరో ఆమె పాత వాయిస్ మెసేజ్ పెట్టారు. మాటకూ మాటకూ మధ్య జనం పగలబడి నవ్వే చప్పుడు అతికించి ఉంది. కింద "మనందరినీ ఎంతో నవ్వించిన అవ్వకు నివాళి" అని రాశారు. దానికి దండాలు, పువ్వులు, నడుమ నడుమ నవ్వు బొమ్మలు. అయ్యా, ఆ మెసేజ్‌లో మా చిన్నమ్మ ఎవరినీ నవ్వించడం లేదు. ఆమె కోపంగా ఉంది. ఆ ఒక్క సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

హుజూరాబాద్‌లో ఇంట్లోనే చీరలకు ఫాల్ కుట్టేది చిన్నమ్మ. నేను ఇంటర్ చదివింది వాళ్ళింట్లో ఉండే. సీరియల్ మొదలైతే చాలు, సూదిని దిండుకు గుచ్చి పక్కన పెట్టేసేది. నవ్వుతూ కుడితే వేలికి దిగుతుందని ఆమె భయం. ప్రకటనలు రాగానే సూది తీసి గబగబా నాలుగు కుట్లు వేసేది. ఇరుగుపొరుగు వాళ్ళను పేరుపేరునా కేకేసి పిలిచేది.

"ఒక్కదాన్నే చూస్తె నవ్వు రాదురా. పక్కపొంటి ఇంకొకలు నవ్వాలె" అనేది. ఇంటిమీద బెంగతో ముడుచుకుపోయి వచ్చిన నేను, ఆ గదిలో అంతమంది మధ్య కూర్చుని మళ్ళీ నవ్వడం మొదలుపెట్టాను. ఆ రుణం తీరేది కాదు.

మధ్యాహ్నం కార్టూన్లు కూడా వదిలేది కాదు. ఒకదాంట్లో జంతువులన్నీ పుస్తకంలో ఉన్నట్టు మాట్లాడేవి. రొట్టె ఎత్తుకుపోయే కాకి ఒక్కటే మన భాష మాట్లాడేది. "కాకి మనూరిదేరా! దొంగతనం జేస్తేంది, మాట ఎంత ముద్దుగుంది" అని మురిసిపోయేది. నాకప్పుడే ఒళ్ళు మండేది. ఆమెకు మండలేదు. మన మాట టీవీలో వినిపించడమే ఆమెకు పండుగ.

సీరియల్లోనూ అంతే. పెద్దింట్లో చాయ్ పోసే పనిపిల్ల ఒకతే మన మాట మాట్లాడేది. ఆ పిల్లంటే చిన్నమ్మకు ప్రాణం. గ్రూపులో చేరిందీ ఆ పిల్ల కోసమే. రాయడం రాదు గనుక ప్రతి ఎపిసోడ్ కాగానే తన తీర్పు మాటల్లోనే పంపేది. బాగుంటే "గియ్యాల పైసా వసూల్", లేకుంటే "గియ్యాల ఉప్పులేని పప్పు". గ్రూపులో చెబితే సీరియల్ రాసేవాళ్ళకు వినిపిస్తుందని ఆమె నమ్మకం. ఎవరు చెప్పారో ఏమో, చివరిదాకా అట్లాగే అనుకుంది.

కొన్నేళ్ళ తర్వాత ఆ పనిపిల్లకు ఆ ఇంటి చిన్నకొడుకుతో పెళ్ళి కుదిర్చారు. కాబోయే అత్తగారు ముందు ఆ పిల్లకు 'మంచి భాష' నేర్పించింది. చివరి సీన్‌లో పిల్ల పట్టుచీర కట్టుకుని "నేను వచ్చేశానండీ" అనగానే ఇల్లంతా చప్పట్లు. గ్రూపంతా పొంగిపోయింది. "ఎంత బాగా మారిపోయింది" అని ఒకరు, "ఇప్పుడు కోడలిలా ఉంది" అని ఇంకొకరు. అప్పుడు చిన్నమ్మ పంపింది ఆ మెసేజ్.

"ఓ రాసేటాయనా, నీకు దండం వెడత, గిదేం లెక్క? చాయ్ వోసినన్ని దినాలు మన మాట మంచిగనే ఉండె గదా. కోడలయితందంటె మాట ఇడిసి రావాల్నా? చెప్పులిడిసినట్టు గడప బయట ఇడిసి రావాల్నా? నేను కోడల్ని కానా, నా ఇంట్ల నేను సంసారం జెయ్యలేదా?"

దానికి జవాబు చెప్పగలిగిన మొనగాడు ఆ గ్రూపులో ఒక్కడూ లేడు. జవాబు లేనివాళ్ళు అప్పుడే దానికి నవ్వులు అతికించారు. అది ఊరూరా తిరిగింది. కరీంనగర్‌లో మా బంధువుల పెళ్ళికి నేనూ చిన్నమ్మా పోతే, భోజనాల దగ్గర మగపెళ్ళి వారి కుర్రాళ్ళు ఫోన్‌లో అదే పెట్టుకుని వింటున్నారు. కూర వడ్డించమన్న చిన్నమ్మ గొంతు విని ఒకడు తలెత్తి చూసి "అరేయ్, గీ అవ్వనే గదరా!" అన్నాడు. బల్ల బల్లంతా గొల్లున నవ్వింది. వాళ్ళూ మనవాళ్ళే, ఇంట్లో ఇదే మాట మాట్లాడేవాళ్ళే. చిన్నమ్మ కూడా వాళ్ళతో కలిసి నవ్వింది. తర్వాత అన్నం కలిపింది గానీ తినలేదు.

ఆ తర్వాత గ్రూపులో ఆమె గొంతు వినపడలేదు. ఒకరోజు నాకు ఫోన్ చేసి "ఎప్పుడు వస్తున్నావు?" అంది. ఎవరో అనుకున్నాను.

"ఏంది చిన్నమ్మా గా మాట?" అన్నాను.

"మంచి భాష నేర్సుకుంటున్న రా. నలుగుట్ల నవ్వులపాలు గావద్దు గదా."

కొత్తవాళ్ళు కనిపిస్తే చాలు, ఒక్కో మాటను తూకం వేసి బయటికి తీసేది. గలగలా మాట్లాడే మనిషి, నాలుగు మాటలకే అలిసిపోయేది.

పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు శాంతంగా రాయాలంటారు. నాకు చేతకాదు. ఎపిసోడ్ బాగాలేదని చెప్పే హక్కు అభిమానులందరికీ ఉంది, మా చిన్నమ్మకు తప్ప. చెప్పింది ఏమిటని ఎవరూ వినలేదు. ఎట్లా చెప్పిందో విని నవ్వుకున్నారు. నవ్వించిందట, నివాళి అట! మీ నివాళి మీ దగ్గరే పెట్టుకోండి.

గుండె నొప్పి వచ్చి కరీంనగర్ ఆసుపత్రిలో చేర్చినప్పుడు పక్కన నేనున్నాను. నర్సు ఆసిఫాబాద్ దిక్కు పిల్ల. చిన్నమ్మ చెయ్యిని రెండు చేతుల్లోకి తీసుకుంది.

"ఏం బుగులు వడకు అవ్వా, నేనీడనే ఉంట" అంది.

బుగులు. భయానికి చిన్నమ్మ పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి వాడిన మాట. ఆ పిల్ల దాన్ని తెచ్చి చేతిలో పెట్టింది. చిన్నమ్మ కళ్ళు తెరిచి ఆమె తెల్లబట్టల వంక చూసింది. ఆయాసపడుతూ పెదవులు కదిపింది. మాట కోసం వెతుక్కుంటోందని నాకు తెలుస్తూనే ఉంది.

"భయంగా ఉందండీ" అంది.

అని, సరిగ్గానే అన్నానా అన్నట్టు నా మొహంలోకి చూసింది.