సున్నం గోడ మీద చేతి అచ్చు

ఇరవై ఏళ్ల కిందట మేడ్చల్ నుంచి శామీర్‌పేట వెళ్లే బస్సులో, మా ఊరి కొత్త చర్చి నక్షాను ఒళ్లో పరుచుకుని చూస్తున్నాను. పక్కన కూర్చున్న ముసలాయన వంగి, దాని మీదున్న ఊరి పేరు చదివాడు.

"మీ ఊరి చర్చికే వస్తున్న బిడ్డా. గిదేంది?"

"కొత్తది కడుతున్నం తాతా. పాతది కూలగొట్టినం. సున్నం గోడలే గదా," అన్నాను గొప్పగా.

ఆయన నక్షాలోని గోడ గీత మీద వేలు పెట్టాడు.

"గా సున్నం మా అవ్వ నూరింది. తలుపు పక్క పచ్చి గోడ మీద ఆమె చెయ్యి అచ్చు పడ్డదట. గా అచ్చు జూద్దామనే బయలెల్లిన. నువ్వెప్పుడన్న జూసినవా?"

చిన్నప్పుడు ప్రతి ఆదివారం ఆ అచ్చులో నా చెయ్యి పెట్టి కొలుచుకునేవాణ్ని. ఆ గోడకు మొదటి గడ్డపార దెబ్బ వేసిందీ నేనే.

"లేదు తాతా," అన్నాను.

ఆయన తలూపి, తర్వాతి స్టాపులోనే దిగిపోయాడు. తిరుగు బస్సు కోసం రోడ్డు దాటుతుంటే పిలిచి నిజం చెప్పాలనుకున్నాను. బస్సు కదిలేదాకా అనుకుంటూనే కూర్చున్నాను.