బ్రహ్మచారి రాసిన ‘గట్టిది’

కడోదరా నుంచి సచిన్ అనే ఊరికి పోయే షేరింగ్ ఆటోలో, ముగ్గురు కూచోవలసిన సీట్లో అయిదోవాణ్ణై, పట్టేసిన మోకాళ్లను తిట్టుకుంటూ ఉన్నాను. పక్కనున్న మనిషి ఆటో రేకుకు అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని, డ్రైవర్‌కు హిందీలో సలహా చెప్పాడు: నలభై ఆరు దగ్గర బండి వణుకుతోంది, నలభై మూడులో ఉంచు, నీకూ మంచిది, దానికీ మంచిది. మూతికి మాస్కు, నెత్తిన రుమాలు. అయినా ఈ భూమ్మీద అలా మాట్లాడేవాడు ఒక్కడే.

“బ్రహ్మచారీ, నువ్వేనా?”

“నేనే కాకా. ఇంకా తిరుగుడు బంద్ చెయ్యలేదా?”

ఏ వస్తువును చూసినా బ్రహ్మచారికి ఒకటే సందేహం: ఇది ఎంతదాకా తట్టుకుంటుంది? పేరు బ్రహ్మచారి, పిల్లలు ముగ్గురు. జగిత్యాల దిక్కు నుంచి ఈ బట్టల మిల్లుల నగరానికి వచ్చి, ఇరవై ఏళ్లు సాంచాల మీద బట్ట నేసి, ఆ మరమగ్గాల మోతకు సగం చెవుడు తెచ్చుకుని, ఇక్కడి వడోద్ వాడలో పాత కంప్యూటర్లు బాగుచేసే దుకాణం పెట్టాడు. తలుపును కిర్రుమనేదాకా తోస్తాడు, తర్వాత వేలెడు వెనక్కి లాగుతాడు. చాయ్‌లో అల్లం కళ్లమ్మట నీళ్లు కారేదాకా వేయించి, మర్నాటి నుంచి ఒక ముక్క తగ్గించమంటాడు. ఆయన భార్య భూదేవి అనేది: “నా ఓపిక ఎంతదాకనో గదొక్కటి చూస్తలేడు. ఇరవై రెండేండ్లాయె.”

రెండువేల ఇరవైలో లాక్‌డౌన్ నన్ను వడోద్‌లో ఎల్లవ్వ అనే ఆమె ఇంటి మేడగదిలో పడేసింది. నలభై ఏళ్లుగా ఏ ఊళ్లోనూ రెండు పండగలు చూడని కాలు నాది. తోచక బ్రహ్మచారి దుకాణంలో కూచుని, ప్రాసెసర్‌ను దాని వేగానికి మించి ఉరికించే విద్య చూశాను. గుర్రాల మీదా, ఏనుగుల మీదా, ఎడారి ఒంటెల మీదా చాలా పుస్తకాలు చదివాను గాని, ఇంత ఓర్పు ఏ మావటివాడికీ ఉన్నట్టు చదవలేదు. వేగం ఒక మెట్టు పెంచుతాడు. కంప్యూటర్ తెరుచుకుంటుంది. నేను శభాష్ అంటాను. ఆయన నన్ను జాలిగా చూస్తాడు.

“లేచినంత మాత్రాన నిలవడ్డట్టు గాదు కాకా.”

తర్వాత దాని నెత్తిన ఎనిమిది గంటల చాకిరీ పెడతాడు. మధ్యలో తెర నీలంగా మారి కూలిందా, వోల్టేజీ చిటికెడు పెంచుతాడు. వేడి ఎనభై డిగ్రీలు దాటినా, తాను గీసుకున్న ఒకటీ పాయింట్ మూడు అయిదు వోల్టుల గీత ముట్టినా, అక్కడితో సరి. ఇంకా ఉరుకుతుందిగా అంటే, “ఉరుకుతది. గీ ఏడు ఉరికి వచ్చే ఏడు సస్తది” అనేవాడు. చివరికి ఒక మెట్టు దించి, డబ్బా మీద చాక్‌పీసుతో ‘గట్టిది’ అని రాసేవాడు. ఆ మాట రాసిన డబ్బా ఆగిపోయిందని వడోద్‌లో ఎవరూ వినలేదు.

ఆ రోజుల్లో పెద్దపెద్దవాళ్లందరూ జనం మీద ఇదే పరీక్ష చేస్తున్నారు. ఎనిమిది గంటల పని పన్నెండైంది, పన్నెండు పదహారైంది. మెట్టు దించే పాఠం వచ్చేసరికి వాళ్ల బడికి సెలవులిచ్చినట్టున్నారు.

ఎల్లవ్వ కూతురు వినోద చీరల ఎంబ్రాయిడరీకి కంప్యూటర్‌లో డిజైన్లు చేసేది. సాంచాలు బందై ఆ ఇంట్లో నడుస్తున్న పని అదొక్కటే. అది పోతే పొయ్యి ఆరిపోతుంది. జూలైలో ఆ పిల్లకు కరోనా వచ్చి పోయింది గాని ఆయాసం పోలేదు. బ్రహ్మచారి ఆమె పాత కంప్యూటర్‌ను ఉరికించి, పది గంటల పరీక్ష పెట్టి, ‘గట్టిది’ అని రాసిచ్చాడు. వేగం పెరిగిందని తెలియగానే పని ఇచ్చే సేఠు పనిని రెండింతలు చేశాడు. వారం తిరక్కుండా ఆ గట్టిది రెండు గంటలకోసారి ఆగిపోసాగింది. ఇరవై నిమిషాలదాకా ఎవరు బతిమాలినా లేవదు.

ఎవడు బాగుచేశాడు దీన్ని అని సేఠు ఫోన్లో వాడకట్టంతా వినేలా అరిచాడు. బ్రహ్మచారి ఫోన్ అందుకుని, తప్పు నాదే సేఠ్‌జీ, వోల్టేజీ లెక్క తప్పింది, చల్లారనియ్యకపోతే చిప్పు కాలి మీ డిజైన్లన్నీ పోతాయి అన్నాడు. పిల్లల ఇంటి చదువుల గిరాకీకి ఆ నెలల్లో కంప్యూటర్ కొందామన్నా దొరకడం లేదు. సేఠు పళ్లు కొరికి ఊరుకున్నాడు. ఆ ఇరవై నిమిషాలూ చేసేదేం లేక వినోద గోడకు ఒరిగి కళ్లు మూసుకునేది.

వాడకట్టు నవ్వింది. దుకాణానికి గిరాకీ సగం పడింది. నేనైతే అటు పోయినప్పుడల్లా “గట్టిది ఎట్లా ఉంది చారీ?” అని అడిగేవాణ్ణి. ఆయన చాక్‌పీసు జేబులో దాచుకునేవాడు.

ఏడాది గడిచింది. ఇప్పుడీ ఆటోలో ఇరుక్కున్నా నా నోరు ఊరుకోలేదు.

“ఆ గట్టిదాని రోగం కుదిరిందా చారీ?”

“దానికేం రోగం కాకా? అప్పుడూ గట్టిదే, ఇప్పుడూ గట్టిదే. రెండు గంటలకోసారి బంద్ గావాలెనని నేనే పెట్టిన.”

నోరు తెరిచాను. మాస్కు ఉండబట్టి ఎవరూ చూడలేదు.

“పిల్లకు దమ్ము ఆడకపోతుండె. జర లెవ్వుమంటే లెవ్వదు, సేఠు లెవ్వనియ్యడు. సాంచ మీద పోగుపోగుకు సన్నటి రేకు ఏలాడుతది గద. పోగు తెగితే రేకు పడ్తది, సాంచ బందైతది. మిషన్ ఆగితే ఎవ్వడేమనడు. మనిషికి గా రేకు లేకపాయె. స్పీడ్ పెంచింది నేను, దించుడు గూడ నా పనే.”

ఇప్పుడెలా ఉందని అడిగాను.

“మంచిగున్నది. మెట్లెక్కుతున్నది. మొన్ననే రెండు గంటలను రెండున్నర చేసిన. ఇంకా టెస్టింగ్‌లనే ఉన్నది.”

“మరి నీ పేరు పోయిందిగా?”

ఆయన మళ్లీ ఆటో రేకుకు అరచెయ్యి ఆనించాడు. “జర వణికింది. కూలలే.”

ఉన్ అనే ఊరి దగ్గర ఆటో ఆగింది. బ్రహ్మచారి దిగి, నా మోకాళ్ల వైపు ఒకసారి చూసి, డ్రైవర్ చెవిలో ఏదో చెప్పాడు. డ్రైవర్ ఇంజన్ ఆపేశాడు. బండి వేడెక్కింది, పది నిమిషాలు చల్లారాలి, అందరూ దిగండన్నాడు. విసుక్కుంటూ దిగి, కాళ్లు సాచి నాలుగడుగులు వేశాను. ప్రాణం లేచొచ్చింది. అప్పుడు అనుమానమొచ్చి ఇంజన్ మూత మీద అరచెయ్యి పెట్టాను. ఆ వేడికి చాయ్ కూడా కాగదు.

తలెత్తేసరికి బ్రహ్మచారి గల్లీలోకి తిరిగాడు. పోయొస్తానని చెప్పలేదు, వెనక్కి చూడలేదు. దారిలో ఎవరిదో ఇనుప గేటు కనిపిస్తే కిర్రుమనేదాకా తోసి, వేలెడు వెనక్కి లాగి, తన మానాన తాను నడిచిపోయాడు.