సైరన్ సార్ అరవని రోజు

2016 జూన్‌లో గాజువాక అవతల ఉన్న ఒక ప్రైవేటు రోలింగ్ మిల్లులో నన్ను సీనియర్ సేఫ్టీ ఆఫీసర్‌గా రెండో బేకు వేశారు. బే అంటే షెడ్డులో ఒక పొడవాటి వరస. దాని నెత్తిన ఈ చివర నుంచి ఆ చివరకు ఓవర్‌హెడ్ క్రేన్ తిరుగుతుంది. కింద బిల్లెట్లు, అంటే నాలుగు పలకల ఉక్కు దుంగలు, కట్టలు కట్టలుగా పడి ఉంటాయి. ఆ కట్టలకు గొలుసులు వేసి క్రేన్ కొక్కేనికి తగిలించేవాడు స్లింగర్. పైన కేబిన్‌లో కూర్చుని వాటిని లేపేవాడు ఆపరేటర్. ఈ పని జరుగుతున్నంతసేపూ ఎవరూ చావకుండా చూడాల్సినవాడు సేఫ్టీ ఆఫీసర్. హోదాలో నేను అసిస్టెంట్ మేనేజర్‌తో సమానం. ఆయుధాలు మాత్రం మూడే: ఒక విజిల్, ఒక రిజిస్టర్, నా గొంతు.

గొంతే ఎక్కువ పని చేసేది. ఈ వృత్తి గురించి బయటివాళ్లకు తెలియని సంగతి ఒకటుంది. మాకు జీతమిచ్చేది భయపడటానికి. పక్కవాడు ధైర్యంగా వేలాడే లోడు కింద నుంచి నడిచిపోతుంటే వాడి తరఫున మా గుండె జారాలి. నాకు బాగా జారేది. జారగానే నోరు లేచేది. చిన్న తప్పుకు విజిల్, పెద్ద తప్పుకు అరుపు, ప్రాణం మీదికొచ్చే తప్పయితే అవతలివాడి ఏడు తరాలనూ పేరుపేరునా పలకరించేవాణ్ణి. అందుకే కార్మికులు నాకు సైరన్ సార్ అని పేరు పెట్టారు. ఒకసారి యూనియన్ వాళ్లు నా భాష మీద లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేస్తూ ఉదాహరణలు కూడా జతపరిచారు. చదివి కాస్త సిగ్గుపడ్డాను, ఎందుకంటే ఒక్కటీ అబద్ధం కాదు. మా మేనేజర్ నన్ను పిలిచి, భద్రతను మర్యాదగా కూడా చెప్పవచ్చని సలహా ఇచ్చారు.

మరుసటి ఏడాది వానాకాలంలో నాకే ఏదో అయింది. నిద్ర పోయింది. ఫ్యాక్టరీ బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే కారణం లేకుండా ఏడుపొచ్చేది. తువ్వాలు ముఖం మీద కప్పుకుని నిద్ర నటించేవాణ్ణి. నా భార్య సత్యవతి రెండు నెలలు చూసి, ఇక లాభం లేదని మానసిక వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లింది. ఆయన డిప్రెషన్ అని చెప్పి రోజూ పొద్దున్న ఒక మాత్ర రాశారు. నెల తిరిగేసరికి ఏడుపు ఆగింది, నిద్ర పట్టింది, అన్నం రుచి తెలిసింది. ఆ మాత్రను నేనేనాడూ తిట్టను. అది లేకపోతే ఇవాళ ఇది రాయడానికి ఉండేవాణ్ణో లేదో.

కాకపోతే దుఃఖం వెళ్తూ వెళ్తూ నాలో ఉన్న మిగతావాళ్లను కూడా వెంటబెట్టుకు పోయింది. ముందు కోపం పోయింది. ఇంట్లో, ఫ్యాక్టరీలో అందరూ సంతోషించారు. తర్వాత సంతోషం పోయింది, దాన్ని ఎవరూ గమనించలేదు. భయం ఎప్పుడు పోయిందో నాకే తెలియదు. హెల్మెట్ లేనివాణ్ణి చూస్తే "బాబూ, హెల్మెట్ పెట్టుకో" అనేవాణ్ణి. బాబూ అన్న మాట నా నోట విని వాళ్లు ఒకరి ముఖాలు ఒకరు చూసుకునేవారు. మేనేజర్ అయితే మురిసిపోయారు. నాకొక ప్రశంసాపత్రం ఇచ్చి, మిగతా సేఫ్టీ ఆఫీసర్లకు నిగ్రహం గురించి క్లాసు తీసుకోమన్నారు. తీసుకున్నాను. నిగ్రహానికి రహస్యమేమిటని ఒకాయన అడిగితే, పొద్దున్నే టిఫిన్ తర్వాత ఒకటి అని చెప్పలేక, అనుభవం అన్నాను.

ఆ చలికాలంలోనే తగరపువలసలో సత్యవతి అన్నయ్య పోయాడు. నాకు బావ, ముప్పై ఏళ్ల స్నేహితుడు. మా పెళ్లికి మా వాళ్లను ఒప్పించింది అతనే. అతని శవం ముందు నిలబడి నేను షామియానాకు కట్టిన లైటు వైరు ఊడి ఉండటం గమనించాను. దాన్ని సరిచేయించాను. పాడె మోసేవాళ్లు కాలు జారకుండా గుమ్మంలో నీళ్లు తుడిపించాను. ఎంత నిబ్బరం, గుండె రాయి చేసుకున్నాడు అని బంధువులు మెచ్చుకున్నారు. నేను చేసుకున్నదేమీ లేదు. అది అప్పటికే అలా ఉంది.

తిరిగొస్తూ ఆటోలో సత్యవతి అడిగింది. "ఏటండీ, మా అన్నయ్య పోతే మీకు ఒక్క సుక్క కన్నీరు రానేదేటి?"

రాలేదన్నాను.

"మీరు ఏడిసినప్పుడు కూడా నాకింత బయిం ఎయ్యనేదు," అంది. డాక్టరుకు చెప్పమని పట్టుబట్టింది. నెలకొకసారి డాక్టరు గారు నిద్ర పడుతోందా, ఆకలి వేస్తోందా, ఏడుపు వస్తోందా అని అడిగేవారు. అడిగినవాటికి సరైన జవాబులు చెప్పి వచ్చేవాణ్ణి. భయం వేస్తోందా అని ఆయన అడగలేదు. నేను చెప్పలేదు. చెప్పాలని తోచడానికైనా కాస్త కంగారు ఉండాలి కదా, అదీ లేదు.

ఇక అసలు సంగతి. 2018 ఫిబ్రవరిలో ఒక పొద్దున్న రెండో బేలో బిల్లెట్ల కట్ట లేస్తోంది. పైన ఆపరేటర్ అప్పారావు, కింద స్లింగర్ నూకరాజు. నూకరాజు పదేళ్ల అనుభవం ఉన్న మంచి పనివాడు, భీమిలి వైపు నుంచి వచ్చేవాడు. కట్ట మనిషి ఎత్తు దాటి లేచి, దించాల్సిన చోటి మీదికి వచ్చి ఆగింది. కింద పరిచిన చెక్క దిమ్మ వంకరగా ఉందని నూకరాజు దాన్ని సర్దడానికి లోడు కిందికి వెళ్లాడు. మా పనిలో ఇంతకంటే పెద్ద తప్పు లేదు. ఇలాంటిది కనిపిస్తే సేఫ్టీ ఆఫీసర్ ఏం చేయాలో రూల్ స్పష్టంగా ఉంది: ముందు పని ఆపించాలి, తర్వాత రాయాలి. టూల్‌బాక్స్ టాక్ అని, షిఫ్టు మొదట్లో కార్మికులను నిలబెట్టి జాగ్రత్తలు చెప్పే ఆనవాయితీ ఒకటి ఉంది. అక్కడ ఈ రూల్‌ను వందలసార్లు చెప్పినవాణ్ణి నేనే.

నేను పదిహేను అడుగుల దూరంలో ఉన్నాను. చూశాను. ఒకవైపు గొలుసు పక్కకు జరుగుతోందని కూడా చూశాను. జేబులోంచి పెన్ను తీసి రిజిస్టర్ తెరిచాను. సమయం 10.40, రెండో బే, వేలాడే లోడు కింద వ్యక్తి, అని రాశాను. వాక్యం పూర్తయ్యాక చుక్క పెట్టాను.

అంతలో పైనుంచి క్రేన్ హారన్ చెవులు పగిలేలా మోగింది. నూకరాజు తలెత్తకుండానే పక్కకు దూకాడు. గొలుసు జారింది, కట్టలోంచి ఒక బిల్లెట్ కిందికొచ్చింది. నేల అదిరింది. దుమ్ము తగ్గాక చూస్తే చెక్క దిమ్మ నుజ్జయింది. నూకరాజు భుజం మీది తువ్వాలు బిల్లెట్ కింద ఇరుక్కుని, కొస మాత్రం బయటికి కనిపిస్తోంది.

అప్పారావు మిగిలిన లోడును భద్రంగా దించి, కేబిన్ వదిలి నిచ్చెన దిగాడు. షిఫ్టు మధ్యలో ఆపరేటర్ కేబిన్ దిగడం నేను అంతకుముందు చూడలేదు. తిన్నగా నా ముందుకొచ్చి నిలబడ్డాడు.

"ఆడు లోడు కింద ఉంటే మీరు రాసుకుంటన్నారేటి సార్? ఆడు సచ్చిపోతే ఏటి సేద్దురు? అదీ రాసుకుందురా?"

నేను రిజిస్టర్ మూసి నూకరాజు వైపు తిరిగాను. ఎందుకు వెళ్లావని అడిగాను. వాడు కింద కూర్చుని నీళ్లు తాగుతున్నాడు. నా మీద కోపం కూడా లేకుండా చెప్పాడు. "మీరు సూత్తన్నారు కదా సార్. సైరన్ సార్ సూసి కూడా అరవనేదంటే పర్నేదనుకున్నాను."

అంటే వాడు రూల్ మరిచిపోలేదు. నన్ను చూసుకునే వెళ్లాడు. ఏడాదికి పైగా నా అరుపుతో వాళ్లకు నేను నేర్పింది ఇదే: అరిస్తే ఆగాలి, అరవకపోతే వెళ్లొచ్చు. ఆ మాట విన్నప్పుడైనా నా కాళ్లు చల్లబడాలి. చీమ కుట్టినట్టయినా లేదు. ఇక్కడ భయపడాలి అని లెక్కప్రకారం తెలుస్తోంది, అంతే. ఇదంతా మందు వల్లేనని నాకు నేను ఒప్పుకున్నది ఆ నిమిషంలో.

ప్రమాదం జరగబోయి తప్పిపోతే దాన్ని నియర్ మిస్ అంటాం. దానికొక ఫారం ఉంది. కారణం అన్న గడిలో, "సేఫ్టీ ఆఫీసర్ చూసి కూడా పని ఆపించలేదు" అని రాసి సంతకం చేశాను. మేనేజర్ దాన్ని వెనక్కి పంపారు. ఫారంలో అచ్చువేసిన కారణాల్లో అలాంటిది లేదట. కార్మికుడి నిర్లక్ష్యం అన్న గడి ఖాళీగా ఉంది కదా అన్నారు. నూకరాజు పేరు రాస్తే నేను సంతకం చేయనన్నాను. రెండు రోజుల చర్చల తర్వాత నేరమంతా గొలుసు మీద వేశారు. గొలుసును ఉద్యోగంలోంచి తీసేశారు. ఆ నెల సమావేశంలో, ఘటన సమయంలో ఏమాత్రం చలించకుండా ప్రశాంతంగా వ్యవహరించినందుకు నాకు అభినందనలు తెలిపారు.

నేను రెండో బే డ్యూటీ వద్దని రాసిచ్చి, అదే వారం సత్యవతిని వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరకు వెళ్లాను. ఈసారి ఆయన మూడు ప్రశ్నలూ అయ్యాక నా రిజిస్టర్ సంగతి, బావ సంగతి చెప్పాను. ఆయన పెన్ను పక్కన పెట్టి విన్నారు. కొందరికి ఈ మందులతో ఇలా మొద్దుబారినట్టు అవుతుందనీ, ముందే చెప్పాల్సిందనీ, తాను కూడా అడగాల్సిందనీ అన్నారు. మాత్రలన్నీ చెత్తబుట్టలో వేస్తానన్నాను. అలా ఒక్కసారిగా ఆపితే ఇంకో తిప్పలు వస్తాయని మందలించి, మోతాదు కొద్దికొద్దిగా తగ్గించి, వేరే మందులోకి మార్చారు.

రెండు నెలలు పట్టింది. ఒకరోజు, రెండో బే పక్కనే నన్ను మార్చిన స్టోర్స్ గిడ్డంగిలో, ఒకడు నడుముకు సేఫ్టీ బెల్టు లేకుండా నిచ్చెన చివరి మెట్టెక్కాడు. నా గుండె జారింది. నోరు దానంతటదే లేచింది. ఏం తిట్టానో రాయను, యూనియన్ దగ్గర పాత ఉదాహరణలున్నాయి. వాడు దిగొచ్చాక నా చేతులు వణుకుతున్నాయి. ఆ వణుకు చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. షెడ్డు అవతల నుంచి నూకరాజు, "సార్ వచ్చీసినారు బావా!" అని అప్పారావుకు కేకేశాడు. పోయిన సత్యవతి అన్నయ్య కోసం ఏడుపు ఇంకో వారానికి వచ్చింది, ఒక వెల్డింగ్ పర్మిట్ మీద సంతకం పెడుతుండగా. కాగితం తడిసిపోతే పర్మిట్ మళ్లీ రాయాల్సి వచ్చింది.

ఆ తర్వాత నన్ను మళ్లీ రెండో బేకు వేశారు. రిటైరయ్యేదాకా ప్రతి టూల్‌బాక్స్ టాక్‌లోనూ ఒక మాట అదనంగా చెప్పాను: నేను అరవలేదని లోడు కిందికి వెళ్లకండి, నేను అరవలేని రోజు కూడా ఉండొచ్చు. మందు వాడేవాళ్లెవరైనా నన్ను అడిగితే, మానేయమని చెప్పను. డాక్టరు అడగని ప్రశ్నకు కూడా జవాబు చెప్పి రమ్మంటాను. మనకు ఏం తగ్గిందో ఆయన అడుగుతారు, ఏం పోయిందో మనమే చెప్పాలి.

రిజిస్టర్‌లో ఆ 10.40 పేజీ జిరాక్సు నా దగ్గరుంది. నా చేతిరాత మామూలుగా కోడి కెలికినట్టుంటుంది, ఎందుకంటే నేను ఎప్పుడూ అరిచాక, చెయ్యి వణుకుతుండగా రాసేవాణ్ణి. ఆ ఒక్క పేజీలో మాత్రం అక్షరాలు గుండ్రంగా, వరస తప్పకుండా, ముత్యాల్లా ఉన్నాయి.