జాబితాలో లేని దో సౌ సాత్

దయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. గాలి సోకిందని ఎవరైనా నిమ్మకాయలు కొని దిగదుడిస్తే, వాటితో పులిహోర కలిపినా ఇంటిల్లిపాదీ తినేవాళ్లు కదా అని తిట్టేదాన్ని. నేను చదివింది నాలుగో తరగతి. విన్నది విన్నట్టే రాస్తున్నాను.

మా ఆయన కానిస్టేబుల్, నంబరు రెండు వందల ఏడు. నర్సాపూర్ అడవి దారిలో బండ్లు తనిఖీ చేస్తుండగా ఒక లారీ ఆగకుండా మీదికొచ్చింది. కాగితాల్లో రోడ్డు ప్రమాదమని రాశారు. విధుల్లో చనిపోయిన పోలీసుల జాబితాలో పేరు ఎక్కలేదు. ఏళ్ల తరబడి అర్జీలు పెట్టాను.

మెదక్ జిల్లా కేంద్రమయ్యాక పోలీసు అమరవీరుల దినం ఇక్కడే జరపడం మొదలుపెట్టారు. ఆ రోజు చదివిన పేర్లే రాతిపలక మీద చెక్కుతారని తెలిసి, మొదటి ఏడాది పొద్దున్నే మైదానానికి నడిచి వెళ్లాను. మా ఆయన పేరుందా అని జాబితా పట్టుకున్న హెడ్ కానిస్టేబుల్‌ను అడిగాను.

“లిస్టుల లేదవ్వా. యాక్సిడెంటని రాసిండ్రు. జర పక్కకు కూసో, సార్లొస్తుండ్రు.”

“మంచంల పండుకున్నోని మీదికి రాలే బిడ్డా లారీ! మీరు నిలబెడితేనే రోడ్డు మీద నిలబడ్డడు.”

అతను జాబితా పట్టుకుని పోలీసుల వరసల ముందుకు వెళ్లిపోయాడు.

రోజూ స్టేషన్లో హాజరు పిలిచే మనిషి కదా, చనిపోయినవాళ్ల పేర్లనూ అలాగే చదివాడు. ముందు నంబరు, తర్వాత పేరు, ఆ తర్వాత జవాబు కోసం ఆగడం. నాలుగు పేర్లు అయ్యాయి. కాగితం మడిచాడు.

వెనక వరస చివరి నుంచి ఒక గొంతు వినిపించింది.

“దో సౌ సాత్, హాజర్ సాబ్.”

రెండు వందల ఏడు హాజరు అని. కొలువులో చేరినప్పుడు పాత జమాదారు మా ఆయనకు ఉర్దూలో నేర్పిన పలుకు అది. అన్నానికి పిలిచినా మా ఆయన నాతో అలాగే అనేవాడు. ఇప్పటి పిల్లలెవరూ అలా చెప్పరు.

“ఎవడ్రా గది?” అని పెద్దసారు గద్దించాడు. వెనక వరసలో ఒక్కొక్కరితో అదే మాట అనిపించాడు. ఎవరి గొంతూ కలవలేదు. నంబరు ఎవరిదని అడిగితే నేను లేచి నిలబడ్డాను. పాత రిజిస్టరు తెప్పించి చూశారు. లారీ గుద్దిన రోజు తనిఖీ డ్యూటీలో ఆ నంబరు ఉంది. సారు తన పెన్నుతోనే జాబితా అడుగున పేరు రాసి, చదవమన్నాడు.

హెడ్ కానిస్టేబుల్ చదివి, అలవాటు కొద్దీ ఆగాడు.

ఈసారి ఎవరూ పలకలేదు. ముందు పలికిందెవరో నాకు ఇప్పటికీ తెలియదు.