విప్పి కుట్టిన చెప్పు

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో పెట్రోలు దొరక్క మా వైపు బస్సులు బొగ్గుతో నడిచేవి. నేను అప్పుడే బడిపంతులుగా చేరాను. ఒకసారి తిరుపతి వెళ్తున్న బస్సును బొగ్గు ఎగదోయడానికి ఏర్పేడులో ఆపారు. దిగేటప్పుడు నా చెప్పు పట్టీ తెగింది. పక్కన కూర్చుని వచ్చిన ముసలాయన చెప్పులు కుట్టేవాడట. సంచిలోంచి తోలుకు బెజ్జాలు పొడిచే ఆర, మైనం పూసిన దారం తీసి రోడ్డు పక్కన నీడలో కూర్చున్నాడు.

అయిదు నిమిషాల పని. కుట్టడం అయింది కూడా. అతను దాన్ని వెలుగులో పెట్టి చూసి, కుట్టంతా కోసేసి మళ్ళీ మొదలుపెట్టాడు. డ్రైవరు హారన్ కొట్టాడు.

"ఇంటికి పొయ్యేదాకా నిలిస్తే చాలు పెద్దాయనా, ఇచ్చెయ్!" అన్నాను.

"ఒక కుట్టు వంకర పోయిండాది సామీ. నా కంటికి అగుపడినాంక ఎట్లిచ్చేది?"

చెప్పు వదిలి బస్సెక్కడానికి మనసొప్పలేదు. నేను కేకలు పెడుతుండగానే బస్సు కదిలిపోయింది. మళ్ళీ బస్సు సాయంత్రానికే. నోటికొచ్చినట్లు తిట్టాను.

"నేనూ ఆ బస్సుకే పోవల్ల గదా సామీ," అని మాత్రం అన్నాడు, తల ఎత్తకుండా.

కుట్టు పూర్తిచేసి, రెండుసార్లు లాగి చూసి, చెప్పు నా ముందు పెట్టాడు. సాయంత్రం దాకా ఒకే నీడలో కూర్చున్నా అతనితో మాట్లాడలేదు.

ఆ తర్వాత ఏళ్ళ తరబడి, బడి విడిచే వేళ ఏ పలక మీదో సరిగా కుదరని అక్షరాన్ని చూసీ చూడనట్లు దాటేయబోతే, ఆ ముసలాయన గుర్తొచ్చి ఒళ్ళు మండేది. విసుక్కుంటూనే మళ్ళీ కూర్చుని, చెరిపి, పిల్లల చెయ్యి పట్టి దిద్దించేవాణ్ణి.